కారు స్పార్క్ ప్లగ్స్ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోల్ కారులో చౌకగా దొరికే సామాన్లలో స్పార్క్ ప్లగ్ ఒకటి. అది కూర్చునే సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగాన్ని మూసే లోహపు భాగం) మాత్రం చాలా ఖరీదైనది. ప్లగ్ పాతబడటం వల్ల జరిగే నష్టం కంటే, తప్పు ప్లగ్ పెట్టడం వల్లా, తప్పుగా బిగించడం వల్లా జరిగే నష్టమే పెద్దది. అందుకే ఇక్కడ ఎప్పుడు మార్చాలనే దానితో పాటు ఎలా మార్చాలనే దాని గురించి కూడా వివరంగా రాస్తున్నాను.

స్పార్క్ ప్లగ్ ఎందుకు అరుగుతుంది?

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ ఇరవై వేల వోల్టులకు, అవసరమైతే అంతకంటే పైకి పెంచుతుంది. ఆ కరెంటు ప్లగ్ కొనలో ఉన్న చిన్న గ్యాప్‌ను దాటేటప్పుడు నిప్పురవ్వ పుట్టి, పెట్రోల్, గాలి మిశ్రమాన్ని మండిస్తుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్ సెకనుకు 25 సార్లు, అంటే గంటకు 90 వేల సార్లు స్పార్క్ ఇస్తుంది. ప్రతి స్పార్క్‌కీ ఎలక్ట్రోడ్ (ప్లగ్ కొనలోని లోహపు ముక్క) నుంచి కంటికి కనిపించనంత లోహం పోతుంది. కొన మొద్దుబారుతుంది, గ్యాప్ పెరుగుతుంది. పెరిగిన గ్యాప్‌ను దాటించడానికి కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాల్సి వస్తుంది. ప్లగ్స్‌ను మరీ ఎక్కువ కాలం వదిలేస్తే కాయిల్స్ కూడా దెబ్బతినేది ఇందువల్లే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

ముందు మీ కారులో ఏ రకం ప్లగ్ ఉందో తెలియాలి. మామూలు నికెల్ ప్లగ్ అయితే సుమారు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు. ప్లాటినం అయితే 60 వేల నుంచి లక్ష వరకు. ఇరిడియం అయితే లక్ష కిలోమీటర్ల దాకా, కొన్ని కార్లలో అంతకంటే ఎక్కువే వస్తాయి. ఇవి అందాజు లెక్కలు మాత్రమే. ఓనర్ మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ పట్టిక ఉంటుంది, అందులో ఉన్న అంకె మీ కారుకు అసలు లెక్క.

ఇంకో విషయం కూడా గమనించాలి. హైదరాబాద్, బెంగళూరు ట్రాఫిక్‌లో కారు ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ప్లగ్ స్పార్క్ ఇస్తూనే ఉంటుంది. మీటరు మీద కిలోమీటర్లు మాత్రం పెరగవు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ప్లగ్ సరిగా వేడెక్కక మసి పడుతుంది. కొన 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద మసి దానంతట అది కాలిపోతుంది. అందుకే ఇలాంటి వాడకం ఉన్నవాళ్లు మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు నిండకముందే ఒకసారి ప్లగ్ తీయించి చూసుకోవడం మంచిది. అలాగని ప్రతి సర్వీసుకీ కొత్త ప్లగ్స్ వేయించుకోనక్కర్లేదు. 10 వేల కిలోమీటర్లకే ఇరిడియం ప్లగ్స్ మార్చాలని ఎవరైనా అంటే కారణం అడగండి, తీసిన ప్లగ్ చూపించమనండి.

గడువు రాకముందే ప్లగ్ పాడైందని ఎలా తెలుస్తుంది?

పొద్దున్నే స్టార్ట్ కావడానికి సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణకడం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో జర్క్ ఇవ్వడం, పికప్ తగ్గడం, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. మెకానిక్‌లు దీన్నే బండి ‘మిస్ కొడుతోంది’ అంటారు. లోడ్ పడినప్పుడు జర్క్ రావడం వీటిలో ముఖ్యమైన గుర్తు. యాక్సిలరేటర్ నొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో గ్యాప్‌ను దాటడం కరెంటుకు కష్టమవుతుంది. అందుకే మెల్లగా వెళ్లేటప్పుడు బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు సమస్య బయటపడుతుంది.

అయితే ఇవే లక్షణాలు కాయిల్ పోయినా, ఇంజెక్టర్ మూసుకుపోయినా, ఎక్కడైనా గాలి లీకైనా వస్తాయి. ప్లగ్ చౌక కాబట్టి, తీసి చూడటం తేలిక కాబట్టి, వెతకడం అక్కడ మొదలుపెట్టడం సరైన పద్ధతి.

చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. బండి నడపొచ్చా?

లైట్ నిలకడగా వెలుగుతుంటే మెల్లగా నడుపుకుంటూ షెడ్డుకు వెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు ఆపండి. సిలిండర్‌లో మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని ఆ లైట్ చెబుతోంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోవచ్చు. దాన్ని మార్చాలంటే అయ్యే ఖర్చుతో ఎన్నో సెట్ల ప్లగ్స్ వస్తాయి.

స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి చూస్తే వచ్చే కోడ్‌లలో పీ0301 అంటే మొదటి సిలిండర్, పీ0302 అంటే రెండోది మిస్ అవుతోందని అర్థం. పీ0300 వస్తే ఒకే సిలిండర్ కాదు, అక్కడక్కడా మిస్ అవుతోందని. ఒక సిలిండర్ కోడే వస్తే డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆ సిలిండర్ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి, కోడ్ చెరిపేసి, కాసేపు నడపండి. కోడ్ కూడా పక్క సిలిండర్‌కు మారితే తప్పు కాయిల్‌దే. అక్కడే ఉండిపోతే ప్లగ్ మార్చి చూడండి. ఈ పరీక్ష చేయకుండా నాలుగు కాయిల్స్ మార్చమంటే ఒప్పుకోకండి.

ప్లగ్స్ మారిస్తే మైలేజ్ పెరుగుతుందా?

పాత ప్లగ్స్ నిజంగా అరిగి మిస్ అవుతుంటే తప్పకుండా పెరుగుతుంది. అవి బాగానే ఉంటే కొత్తవి వేసినా తేడా ఉండదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన మైలేజ్ కొంచెం తగ్గడం ఇంధనం స్వభావం, దానికి ప్లగ్స్ మార్చడం మందు కాదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ కూడా చూసుకున్నాక ప్లగ్స్ వైపు రండి.

మాది సీఎన్‌జీ కారు. ఏమైనా తేడా ఉందా?

ఉంది. సీఎన్‌జీ, గాలి మిశ్రమంలో స్పార్క్ పుట్టించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. అందుకే ప్లగ్ త్వరగా అరుగుతుంది. పెట్రోల్ మీద హాయిగా నడిచే బండి గ్యాస్ మీదకు మార్చగానే మిస్ కొడితే, గ్యాస్ కిట్‌ను అనుమానించే ముందు ప్లగ్స్ గ్యాప్ చూడండి. కంపెనీ ఫిట్టెడ్ సీఎన్‌జీ మోడళ్లకు ప్లగ్ నంబరు, మార్చే గడువు వేరుగా ఉండొచ్చు. మాన్యువల్‌లో సీఎన్‌జీ అని రాసి ఉన్న వరుస చూడండి. ఎల్‌పీజీ కిట్ ఉన్నవాళ్లు కూడా ప్లగ్స్‌ను పెట్రోల్ కార్ల కంటే తరచుగా చూసుకోవాలి.

వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాటి నుంచి ఇంజన్ వణుకుతోంది. ప్లగ్స్ పోయాయా?

చాలావరకు పోయి ఉండవు. ప్లగ్స్ లోతైన గుంతల్లో ఉంటాయి. ప్రెషర్ గన్‌తో ఇంజన్ మీద నీళ్లు కొడితే ఆ గుంతల్లో నీరు చేరి, కరెంటు ప్లగ్ కొనకు వెళ్లకుండా పక్కదారి పడుతుంది. కాయిల్స్ తీసి, గుంతల్లో గాలి కొట్టించి, కాయిల్ రబ్బర్లు ఆరబెట్టి మళ్లీ పెడితే సరిపోతుంది. తడితోనే రోజుల తరబడి తిప్పితే కాయిల్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంజన్ పై భాగం మీద నేరుగా ప్రెషర్ నీళ్లు కొట్టవద్దని ముందే చెప్పండి.

గుంతలో నీటి బదులు ఆయిల్ కనిపిస్తే వాల్వ్ కవర్ ప్యాకింగ్ లేదా ప్లగ్ ట్యూబ్ సీల్ లీకవుతోందన్నమాట. అది మార్చకుండా ప్లగ్స్ ఒక్కటే మారిస్తే సమస్య మళ్లీ వస్తుంది.

నికెల్ ప్లగ్స్ తీసేసి ఇరిడియం పెట్టిస్తే పికప్ పెరుగుతుందా?

పెరుగుతుందని ఆశపడి కొనకండి. ఇరిడియం ప్రత్యేకత దాని మన్నిక. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇరిడియం 2446 డిగ్రీల దగ్గర. అంత గట్టి లోహం కాబట్టి కొనను 0.4 లేదా 0.6 మిల్లీమీటర్ల సన్నటి తీగలా చేసినా త్వరగా అరగదు. సన్నటి కొన నుంచి స్పార్క్ తేలిగ్గా పుడుతుంది, కాయిల్ మీద భారం తగ్గుతుంది. మంచి స్థితిలో ఉన్న నికెల్ ప్లగ్స్‌తో పోలిస్తే రోడ్డు మీద మీకు తెలిసే తేడా స్వల్పం.

మీ కారుకు కంపెనీ నికెల్ ఇచ్చి ఉంటే, సమయానికి నికెలే మార్చుకోవడం మంచి బేరం. ధర ఇరిడియంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. ఎక్కువ తిరిగేవాళ్లు, మాటిమాటికీ మార్చే శ్రమ వద్దనుకునేవాళ్లు సరైన నంబరు ఇరిడియం వేసుకోవచ్చు. కంపెనీ నుంచే ఇరిడియం వచ్చిన కారుకు, ముఖ్యంగా టర్బో ఇంజన్లకు, డబ్బు మిగులుతుందని నికెల్ వేయొద్దు.

ప్లగ్ మీది నంబరు ఎందుకంత ముఖ్యం? త్రెడ్ సరిపోతే చాలదా?

చాలదు. ఈ అపోహ వల్ల ఇంజన్లే చెడిపోవచ్చు. త్రెడ్ వెడల్పుతో పాటు త్రెడ్ పొడవు సరిపోవాలి. పొడవు ఎక్కువైతే పిస్టన్ వచ్చి ప్లగ్‌ను గుద్దొచ్చు. తక్కువైతే స్పార్క్ లోపలికి అందదు, మిగిలిపోయిన త్రెడ్‌లో మసి పేరుకుని తర్వాత సరైన ప్లగ్ కూడా ఎక్కదు.

ఇక హీట్ రేంజ్. ప్లగ్ తన కొన వేడిని ఎంత వేగంగా హెడ్‌లోకి పంపగలదో చెప్పే అంకె ఇది. కొన మరీ చల్లగా ఉంటే మసి పడుతుంది. 850 డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది, పిస్టన్‌కు రంధ్రం పడే స్థాయి నష్టం జరగొచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్స్‌లో ఈ అంకె పెద్దదైతే ప్లగ్ చల్లటిది, బాష్‌లో అంకె పెద్దదైతే వేడిది. లెక్కించే కొలత కూడా వేరు, ఎన్‌జీకే 6కు డెన్సోలో దాదాపు 20 సమానం. అందుకే ఒక కంపెనీ అంకెను చూసి ఇంకో కంపెనీ ప్లగ్ కొనకూడదు. ఆ కంపెనీ క్యాటలాగ్‌లో మీ కారు మోడల్, సంవత్సరం, ఇంజన్ చూసి తీసుకోండి.

నంబరులో ఆర్ అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉందని అర్థం. ఇంజన్ కంప్యూటర్‌కు, రేడియోకు గోల లేకుండా చూసేది అదే. ఇప్పటి కార్లకు అది లేని ప్లగ్ పనికిరాదు.

నకిలీ ప్లగ్స్‌ను గుర్తుపట్టడం ఎలా?

పేరున్న కంపెనీల ప్లగ్స్‌కు, అందులోనూ ఇరిడియానికి, నకిలీలు మార్కెట్లో తిరుగుతున్నాయి. ధర నమ్మలేనంత తక్కువగా ఉందంటే అదే మొదటి గుర్తు. తెల్ల పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే రాలడం, ఉంగరంలాంటి వాషర్ వదులుగా జారిపోవడం, పై ఎలక్ట్రోడ్ పక్కకు ఒరిగి ఉండటం, త్రెడ్ గరుకుగా ఉండటం మిగతా గుర్తులు. కారు కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లోనో, ప్లగ్ కంపెనీ అధీకృత డీలరు దగ్గరో బిల్లుతో కొనడమే నమ్మకమైన దారి.

కొత్త ప్లగ్‌కు గ్యాప్ సరిచేయాలా?

ఎక్కువ కార్లకు గ్యాప్ 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. టర్బో ఇంజన్లకు తక్కువవైపు. సరైన నంబరు ప్లగ్ ఫ్యాక్టరీలోనే సెట్ అయి వస్తుంది. ఎన్‌జీకే నంబరు చివర 11 అని ఉంటే 1.1 మిల్లీమీటర్లు. అయినా రవాణాలో పెట్టె కిందపడి ఉండొచ్చు కాబట్టి ఒకసారి కొలవడం మంచిది. నికెల్‌కు బ్లేడ్ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) చాలు. ఇరిడియానికి సన్నటి తీగ గేజ్ మాత్రమే వాడాలి, మధ్య కొనకు ఏదీ ఆనించకూడదు, అది పుటుక్కున విరుగుతుంది. గ్యాప్ బాగా తేడాగా ఉంటే ఆ ఇరిడియం ప్లగ్‌ను వంచే ప్రయత్నం చేయకుండా షాపులో మార్చుకోండి. చేతిలోంచి గచ్చు మీద పడిన ప్లగ్‌ను వాడొద్దు. పింగాణీలో వెంట్రుకవాసి బీట పడినా బయటికి కనిపించదు.

సొంతంగా మార్చుకోవచ్చా?

మన దగ్గర ఎక్కువగా తిరిగే మూడు, నాలుగు సిలిండర్ల చిన్న కార్లలో కాయిల్స్ ఇంజన్ పైనే కనిపిస్తాయి. అలాంటివి ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్న ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, కాయిల్ బోల్టుకు 8 లేదా 10 నంబరు సాకెట్, వీలైతే టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) కావాలి. ప్లగ్ సాకెట్ కొలత 14, 16, 21లలో ఏదో ముందే చూసుకోండి.

అన్ని కార్లూ ఇంత తేలిక కాదు. హోండా పాత ఐ-డీఎస్‌ఐ ఇంజన్లలో సిలిండర్‌కు రెండేసి, మొత్తం ఎనిమిది ప్లగ్స్ ఉంటాయి. ఎనిమిదీ కొనాలి. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే టయోటా సియెన్నాలో, 2020 వరకు వచ్చిన వీ6 మోడళ్లకు, వెనక వరుస ప్లగ్స్ అందాలంటే పైనున్న ఇన్‌టేక్ భాగం విప్పాలి. అలాంటి పని మొదటి ప్రయత్నంగా పెట్టుకోవద్దు. అక్కడి మాన్యువల్‌లో గడువు మైళ్లలో ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. లక్షా ఇరవై వేల మైళ్లంటే దాదాపు లక్షా తొంభై మూడు వేల కిలోమీటర్లు.

మార్చే పద్ధతి చెప్పండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున చేయడం ఉత్తమం. హెడ్ అల్యూమినియంతో చేసినది, వేడిమీద ప్లగ్ విప్పితే త్రెడ్ ఊడి వచ్చే ప్రమాదం ఉంది. ఇగ్నిషన్ ఆపి, తాళంచెవి తీసేయండి.

మొదట కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి వదులు చేయండి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, లాగొద్దు. బోల్టు విప్పి, కాయిల్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పి పైకి లాగండి. పాత మోడల్ బండ్లలో హెచ్‌టీ వైర్లు (కాయిల్ నుంచి ప్లగ్‌కు హై వోల్టేజ్ తెచ్చే వైర్లు) ఉంటే వైరు పట్టుకుని కాకుండా రబ్బరు టోపీ పట్టుకుని లాగండి. ఒక సిలిండర్ పని పూర్తిచేశాకే రెండోది ముట్టుకోండి. వైర్లు తారుమారైతే బండి స్టార్ట్ కాకపోవచ్చు, అయినా మిస్ కొడుతుంది.

ప్లగ్ కదిలించే ముందు గుంతలో గాలి కొట్టాలి. ఈ మెట్టు వదిలేయకండి. అక్కడున్న ఇసుక రేణువులు ప్లగ్ తీయగానే నేరుగా సిలిండర్‌లో పడి గోడలను గీరుతాయి. కంప్రెసర్ లేకపోతే టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు సరిపోతుంది. తర్వాత ప్లగ్ విప్పండి. తీసినవాటిని ఏ సిలిండర్‌వో తెలిసేలా వరుసగా పెట్టుకోండి.

కొత్తది పెట్టేటప్పుడు ర్యాచెట్ హ్యాండిల్ తగిలించొద్దు. సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే పట్టుకుని వేళ్లతో తిప్పండి. సన్న రబ్బరు గొట్టంలో ప్లగ్ పైభాగం దూర్చి తిప్పడం ఇంకా మంచిది, త్రెడ్ అడ్డంగా ఎక్కుతుంటే గొట్టం జారి తిరుగుతుంది తప్ప ప్లగ్‌ను బలవంతంగా దింపదు. ప్లగ్ వేళ్ల బలంతోనే అడుగుదాకా దిగాలి. మధ్యలో బిగుసుకుంటే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. అడుగుకు దిగాకే పానా.

ఎంత బిగించాలి?

వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల త్రెడ్ ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. 12 మిల్లీమీటర్లకు 15 నుంచి 20. సన్నటి 10 మిల్లీమీటర్లకు 10 నుంచి 12 మాత్రమే. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే, 14 మిల్లీమీటర్ల కొత్త వాషర్ ప్లగ్‌ను చేతి బిగువు తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే రకానికి చుట్టులో పదహారో వంతు చాలు. ఎంత తిప్పాలో చూపే బొమ్మ చాలా ప్లగ్ పెట్టెల మీద వేసి ఉంటుంది.

వదులుగా వదిలేయడం కూడా ప్రమాదమే. ప్లగ్ వేడి హెడ్‌లోకి పోయేది త్రెడ్, వాషర్ గుండానే. త్రెడ్‌కు గ్రీజు, యాంటీ సీజ్ (త్రెడ్ పట్టేయకుండా పూసే జారుడు పేస్టు) పూయొద్దు. పేరున్న ప్లగ్స్ త్రెడ్‌కు ముందే పూత ఉంటుంది. జారుడు పదార్థం పూస్తే అదే అంకెకు ప్లగ్ ఇంకా ఎక్కువగా బిగిసి త్రెడ్ సాగుతుంది. కాయిల్ రబ్బరు లోపల మాత్రం కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటును పారనివ్వని గ్రీజు) రాస్తే తేమ చేరదు, మళ్లీ తీయడం సులువు.

పాత ప్లగ్ బిగుసుకుపోయి రావడం లేదు.

హ్యాండిల్‌కు పైపు తొడిగి బలం పెట్టొద్దు. త్రెడ్ వదులు చేసే ఆయిల్ గుంతలో కొద్దిగా వేసి కొన్ని గంటలు వదిలేయండి. తర్వాత కొంచెం విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ కొంచెం విప్పుతూ రండి. గరగరమని గట్టిపడితే ఆపి, ఇంకొంచెం ఆయిల్ వేయండి. త్రెడ్ పోతే హెలికాయిల్ లాంటి కొత్త త్రెడ్ వేసి కాపాడవచ్చు. హెడ్ మార్చాలని ఎవరైనా వెంటనే తేల్చేస్తే ఇంకో చోట కూడా అడగండి. ఆ పని చేసేటప్పుడు లోహపు రజను సిలిండర్‌లో పడకుండా చూడటమే నేర్పు, అందుకే అనుభవం ఉన్న లేత్ వర్క్‌షాప్‌లోనే చేయించండి.

తీసిన ప్లగ్ చూసి ఏం తెలుసుకోవచ్చు?

చాలా తెలుస్తుంది. అందుకే మెకానిక్ మార్చినా పాతవి అడిగి తీసుకోండి. కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా బండి మరీ చిన్న దూరాలే తిరుగుతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే పిస్టన్ రింగుల నుంచో వాల్వ్ సీల్స్ నుంచో ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. సుద్దలా తెల్లబడి పొక్కులు కనిపిస్తే వేడి ఎక్కువైంది; హీట్ రేంజ్, కూలెంట్ చూడాలి. నాలుగింటిలో ఒక్కటే వేరుగా ఉంటే సమస్య ఆ సిలిండర్‌దే.

బయటి పింగాణీ మీద, ఇనుప భాగానికి కాస్త పైన గోధుమ రంగు చార కనిపిస్తే కంగారు పడకండి. హై వోల్టేజ్ చుట్టూ ఆయిల్ తుంపరలు అంటుకోవడం వల్ల వచ్చే మరక అది. గ్యాస్ లీక్ కాదు.

ప్లగ్స్ క్లీన్ చేయించి మళ్లీ వాడొచ్చా?

నికెల్ ప్లగ్ గడువు ఇంకా ఉండి, మసి మాత్రమే పట్టి ఉంటే శుభ్రం చేసి గ్యాప్ సరిచేసి వాడొచ్చు. ఇరిడియం, ప్లాటినం ప్లగ్స్ మీద ఎమిరీ పేపర్, వైర్ బ్రష్ పెట్టొద్దు. వైర్ బ్రష్ పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, కరెంటు వాటి గుండా జారిపోతుంది.

పాడైనది ఒక్కటే మార్చొచ్చా?

దారిలో అవసరం పడితే సరే. లేకపోతే మొత్తం సెట్ మార్చండి. మిగతావీ అన్నే కిలోమీటర్లు తిరిగాయి.

డీజిల్ కారుకు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తించవు. డీజిల్ ఇంజన్‌లో ఇంధనం గాలి ఒత్తిడి వేడికే అంటుకుంటుంది. అందులో ఉండేవి చలిలో స్టార్ట్ కావడానికి సాయపడే గ్లో ప్లగ్స్, వాటి సంగతి పూర్తిగా వేరు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ప్లగ్స్ ఎప్పుడు మార్చారో తెలియదు.

సర్వీస్ రికార్డు దొరికితే అందులో వెతకండి. లేకపోతే ఒక్క ప్లగ్ కాదు, అన్నీ తీయించండి, ఎందుకంటే వేర్వేరు నంబర్లు కలగలిపి వేసిన కార్లు కూడా ఉంటాయి. పింగాణీ మీది నంబరును మాన్యువల్‌లోని నంబరుతో పోల్చండి. నంబరు తప్పైతే, కొన చూడటానికి కొత్తగా ఉన్నా తీసేయండి. నంబరు సరిగ్గా ఉంటే గ్యాప్ కొలవండి, ఎలక్ట్రోడ్ అంచులు పదునుగా ఉన్నాయో గుండ్రబడ్డాయో చూడండి. గుండ్రబడితే కొత్త సెట్ వేయించి, మీటర్ రీడింగ్, తేదీ, ప్లగ్ నంబరు మూడూ ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి.